కరెంటుకు కూడా రూటు కావాలి
(సభ్య సంఘాల కొరకు – ఒక సహకార ఇన్‌స్పెక్టరు)

ఇటీవల ఒక పాల ఉత్పత్తిదారుల సంఘానికి తనిఖీకి వెళ్ళాను. పద్దులు చూడటం ముగించి లేవబోతుండగా కార్యదర్శిగారు నన్ను కూర్చోబెట్టి ఒక సందేహం అడిగారు.

"సార్, మన ప్రాంతంలో ఎక్కడ చూసినా సోలారు పలకలు పెడుతున్నారు. కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అయినా సాయంత్రం పాలు పోసే వేళకే మన కూలరుకు కరెంటు పోతుంది. ఇంకోపక్క పెద్ద టవర్ల లైను వేస్తామని మన సభ్యుల పొలాల్లో కొలతలు తీస్తున్నారు. ఇంతకూ దేశంలో కరెంటు ఎక్కువై లైను వేస్తున్నారా, తక్కువై వేస్తున్నారా?"

మంచి ప్రశ్న. ఇటువంటి ప్రశ్న మరి కొన్ని సంఘాల్లో కూడా విన్నాను. నేను విద్యుత్ ఇంజనీరును కాను. సహకార డిప్లొమా పుచ్చుకొని, ముప్ఫై ఏళ్ళుగా సంఘాల పద్దులు చూస్తున్నవాడిని. అయినా పాల వ్యాపారం తెలిసినవారికి ఈ విషయం అర్థం కావటం కష్టం కాదు. నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

పాల దారి, కరెంటు దారి

పాలు ఒకచోట పుడతాయి, మరొకచోట అమ్ముడవుతాయి. మధ్యలో దారి లేకపోతే ఎన్ని పాలు పితికినా రైతుకు రూపాయి రాదు. 1970లో ప్రారంభమైన క్షీర విప్లవ పథకం ముఖ్యంగా చేసిన పని ఇదే. పల్లెలో సంఘం, ఆపైన శీతలీకరణ కేంద్రం, ఆపైన డెయిరీ, అక్కడినుండి పట్నాలకు ట్యాంకర్లు. ఇట్లా ఊళ్ళనూ నగరాలనూ కలిపిన ఏర్పాటుకు జాతీయ పాల గ్రిడ్ అనే పేరు కూడా పెట్టారు. గ్రిడ్ అనే మాట విద్యుత్ శాఖనుండి వచ్చిందే. 2020లో మన రేణిగుంట నుండి ఢిల్లీకి ప్రత్యేక రైళ్ళలో పాలు వెళ్ళాయంటే ఆ దారి ఉండబట్టే.

కరెంటుకు కూడా ఇటువంటి దారే ఉన్నది. ఉత్పత్తి కేంద్రం దగ్గర పుట్టిన కరెంటు 220, 400, 765 కె.వి. పెద్ద లైన్ల మీద దూరం ప్రయాణిస్తుంది. దీనిని ప్రసారం అంటారు. తరువాత సబ్‌స్టేషన్లలో మెట్టుమెట్టుగా దిగి 132, 33, 11 కె.వి. అయి, చివరకు ఊరి ట్రాన్స్‌ఫార్మరు ద్వారా మన మోటారుకు వస్తుంది. ఈ చివరి భాగాన్ని పంపిణీ అంటారు.

ఈ రెండింటి తేడా గుర్తుంచుకోవాలి. మీ కూలరు దగ్గర కరెంటు పోయినప్పుడల్లా పెద్ద లైను తప్పే అనుకోరాదు. చాలాసార్లు లోపం 11 కె.వి. ఫీడరులోనో, బరువు మించిన ఊరి ట్రాన్స్‌ఫార్మరులోనో ఉంటుంది. దానికి పిటిషను పెట్టవలసిన చోటు పంపిణీ సంస్థ. ఇక్కడ నేను చెప్పబోయేది పెద్ద లైన్ల సంగతి.

పాలకూ కరెంటుకూ ఒక పెద్ద భేదం ఉన్నది. పాలను 4 డిగ్రీలకు చల్లార్చితే ఒకటి రెండు రోజులు నిలవ ఉంటాయి. కరెంటు తీగలో నిలవ ఉండదు. ఏ క్షణంలో పుట్టినది ఆ క్షణమే ఖర్చు కావాలి. ఎక్కువ తక్కువలు వస్తే గ్రిడ్ పౌనఃపున్యం 50 నుండి తొలగుతుంది. హద్దు మీరితే గ్రిడ్ కూలుతుంది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతంలో జరిగినది అటువంటిదే. రెండవ రోజున తూర్పు, ఈశాన్య రాష్ట్రాలు కూడా చీకటిలో పడి, సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతాలకు కరెంటు పోయింది. అందువల్ల కరెంటుకు దారి ఉండటమే కాదు, ఆ దారి తగినంత వెడల్పుగా కూడా ఉండాలి.

టవర్లు అంత ఎత్తు ఎందుకు?

"మా పొలంలో అంత పెద్ద టవరు ఎందుకు? మామూలు స్తంభాలు వేసుకోరాదా?" అని రైతులు అడుగుతుంటారు.

ఒక తీగ మోసే శక్తి, వోల్టేజిని ఆంపియర్లతో హెచ్చించగా వచ్చేది. అంతే శక్తిని పంపుతూ వోల్టేజి రెట్టింపు చేస్తే ఆంపియర్లు సగమవుతాయి. తీగ వేడెక్కి పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే ఆంపియర్లు సగమైతే నష్టం నాలుగవ వంతుకు దిగుతుంది. వోల్టేజి పది రెట్లయితే అదే తీగలో నష్టం నూరవ వంతు. వంద మంది సైకిళ్ళ మీద క్యాన్లు కట్టుకొని పోవటానికీ, ఒక ట్యాంకరు పోవటానికీ ఉన్నంత తేడా.

వోల్టేజి పెరిగినకొద్దీ తీగను నేలకూ చెట్లకూ దూరంగా ఉంచాలి. అందుకే టవరు ఎత్తు, లైను కింద వదలవలసిన బాట వెడల్పు పెరుగుతాయి. ఆ బాట 132 కె.వి. లైనుకు 27 మీటర్లు, 220 కె.వి.కి 35 మీటర్లు, 400 కె.వి.కి సాధారణంగా 46 మీటర్లు.

ఇప్పుడే ఇంత తొందర ఎందుకు?

బొగ్గు కేంద్రాల కాలంలో ఒక సౌకర్యం ఉండేది. గని ఎక్కడున్నా బొగ్గును వ్యాగన్లలో నింపి, కరెంటు కావలసిన చోటికి దగ్గరగా ఉన్న కేంద్రానికి తేవచ్చు. ఎండను వ్యాగనులో నింపలేము, గాలిని మూట కట్టలేము. ఎండ బాగా కాసే రాజస్థాన్‌లో, గుజరాత్‌లో, మన అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లోనే పలకలు పెట్టాలి. గాలి వీచే కొండ మీదనే మర నిలపాలి. అక్కడినుండి కరెంటును తీగ మీదనే తేవాలి.

కర్నూలు, నంద్యాల జిల్లాల్లో గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల సోలారు పార్కు ఉన్నది. అది సుమారు 5,900 ఎకరాల్లో విస్తరించింది. మధ్యాహ్నం అక్కడ పుట్టే కరెంటును చుట్టుపక్కల ఊళ్ళే వాడుకోలేవు. పది ఇళ్ళున్న ఊళ్ళో వెయ్యి లీటర్ల పాలు పితికినట్లే. బయటకు దారి ఉండి తీరాలి.

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే కాలంలో. సోలారు కేంద్రం ఏడాదిన్నరలో లేస్తుంది. పెద్ద లైను పూర్తి కావటానికి మూడు నుండి అయిదేళ్ళు పట్టటం మామూలు. కేంద్రం తయారై, లైను తయారు కాకపోతే పుట్టిన కరెంటును తీసుకొనే దిక్కుండదు. అప్పుడు కేంద్రాన్ని తగ్గించి నడపమని ఆదేశిస్తారు. 2025లో రాజస్థాన్‌లో ఇదే జరిగింది. లైన్లు చాలక మధ్యాహ్నం వేళల్లో వేల మెగావాట్ల సౌర విద్యుత్తును వదులుకోవలసి వచ్చింది. లారీ రాక పాలు పారబోసుకొన్న రోజులు మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ఇదీ అంతే.

మన దేశం 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసులతో పనిలేని ఉత్పత్తి సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు, అంటే 5 లక్షల మెగావాట్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకొన్నది. 2025 జూన్ ఆఖరుకు దేశంలో స్థాపించిన మొత్తం సామర్థ్యంలో సగం ఇటువంటిదే అయింది. దీనికి తగిన దారుల కొరకు జరిగిన పనిలో ముఖ్యమైనవి ఇవి:

– 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కె.వి. లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకటైంది. అంతకుముందు మనకు కొరత వచ్చినా ఉత్తరాది మిగులు కొద్దిగానే అందేది.

– 2015లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 8 రాష్ట్రాల్లో హరిత విద్యుత్ కారిడార్ పథకం మంజూరైంది. 2022లో 7 రాష్ట్రాలకు రెండవ దశ మంజూరైంది.

– ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ నుండి తమిళనాడులోని పుగలూరుకు 800 కె.వి. డి.సి. లైను వేశారు. అది 6,000 మెగావాట్లు మోయగలదు. దక్షిణాన గాలి జోరుగా ఉన్నప్పుడు ఉత్తరానికి కూడా పంపవచ్చు.

– 2024 అక్టోబరులో వెలువడిన జాతీయ ప్రణాళిక ప్రకారం 2022 నుండి 2032 వరకు పదేళ్ళలో 1,91,000 సర్క్యూట్ కిలోమీటర్లకు పైగా లైన్లు వేయాలి. ఖర్చు 9 లక్షల కోట్ల రూపాయలకు పైమాట.

అన్నిచోట్లా కొత్త టవర్లే అవసరం లేదు. పాత టవర్ల మీదనే ఎక్కువ వేడిని తట్టుకొనే కొత్తరకం తీగలు మార్చితే సామర్థ్యం దాదాపు రెట్టింపు వరకు పెంచవచ్చు. సబ్‌స్టేషనులో అదనపు ట్రాన్స్‌ఫార్మరు పెట్టవచ్చు. సోలారు, గాలి కేంద్రాలను ఒకే సబ్‌స్టేషనుకు కలిపితే రాత్రిపూట ఖాళీగా ఉండే లైను గాలి కరెంటుకు పనికివస్తుంది. 2019లో వచ్చిన కుసుమ్ పథకం ఊరి 33 కె.వి. సబ్‌స్టేషను పక్కనే 2 మెగావాట్ల వరకు చిన్న సోలారు కేంద్రాలు పెట్టుకొనే వీలు కల్పించింది. ఊరి పాలు ఊళ్ళోనే అమ్ముకొన్నట్లు, ఆ మేరకు పెద్ద లైను మీద బరువు తగ్గుతుంది. కాని ఇవన్నీ చేసినా కొత్త లైన్లు తప్పవు.

సాయంత్రపు పాలు

ఇక కార్యదర్శిగారి ప్రశ్నలో సాయంత్రం సంగతి. సూర్యుడు దిగే వేళకే ఇళ్ళలో దీపాలు వెలుగుతాయి, మన కూలర్లు నడుస్తాయి. అంటే సోలారు సన్నగిల్లే సమయమూ, వాడకం పెరిగే సమయమూ ఒకటే. ఆ వేళ గాలి వీస్తున్న వేరే రాష్ట్రం నుండి కరెంటు రావాలి. లేదా పగటి మిగులును దాచి ఉంచాలి. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాలలో మిగులు కరెంటుతో నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలే యంత్రాలు ఉన్నాయి. పెద్ద బ్యాటరీలు కూడా వస్తున్నాయి. వీటన్నిటికీ మళ్ళీ లైనే ఆధారం.

మన వంతు లెక్క కూడా చూద్దాం. వెయ్యి లీటర్ల పాలను పితికిన వేడి నుండి 4 డిగ్రీలకు దించటానికి యంత్రం స్థితిని బట్టి సుమారు 15 నుండి 20 యూనిట్లు పడుతుంది. కూలరు కొనబోయే సంఘాలు మంచు నిలవచేసే ఐస్ బ్యాంక్ రకాన్ని కూడా విచారించటం మంచిది. మధ్యాహ్నం కరెంటుతో మంచు కట్టించి, సాయంత్రం పాలు ఆ మంచుతో చల్లార్చవచ్చు. గంటసేపు కరెంటు పోయినా పాలు పుల్లబడవు. ధర ఎక్కువే గనుక డీజిలు ఖర్చుతో పోల్చి లెక్క వేసి పాలకవర్గం తీర్మానించుకోవాలి.

లైను ఆగేది ఎక్కడ?

ఇంతవరకు చెప్పినది దేశం లెక్క. ఇక పొలం లెక్క.

కొన్నేళ్ళ క్రిందట నేను చూసే సంఘాల్లో ఒకదానిలో ఒక సభ్యుడుండేవాడు. రెండున్నర ఎకరాలు, నాలుగు గేదెలు. అతని పొలం నడిమధ్యన టవరు పడింది. సర్వే వారు జెండాలు పాతినప్పుడు రోడ్డు కొలతలనుకొన్నాడు. తరువాత పచ్చిమేత నిలిచి ఉన్న చేలో యంత్రాలు దిగాయి. ఒక కాగితం మీద వేలిముద్ర తీసుకొని కొంత సొమ్ము చేతిలో పెట్టారు. ఆ సొమ్ము భూమికా, పంటకా, దేనికెంత అనేది ఆ కాగితంలో ఏమున్నదో అతనికి తెలియదు. నకలు ఇవ్వలేదు. నా దగ్గరకు వచ్చి, "అయ్యా, పాలు పోస్తే చీటీ ఇస్తారు. పొలం ఇస్తే చీటీ లేదు" అన్నాడు. ఆ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను.

అది చూసిన పక్క పొలం వారు పని సాగనివ్వలేదు. ఎనిమిది నెలలు ఆ ఒక్కచోట టవరు లేవలేదు. మూడు వందల టవర్ల లైనులో రెండు వందల తొంభై తొమ్మిది నిలబడినా, ఒక్కటి లేకపోతే ఆ లైనులో ఒక్క యూనిటు కూడా ప్రవహించదు. ఒక పేదరైతుకు సక్రమంగా చీటీ ఇవ్వనందున కోట్ల రూపాయల సొత్తు ఎండకు ఎండింది. రైతూ నష్టపోయాడు, లైనూ నష్టపోయింది.

లైన్ల ఆలస్యానికి అడవి అనుమతులు, సామాన్ల కొరత వంటి కారణాలు కూడా ఉన్నాయి. కాని పొలం దగ్గర ఆగటం ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

చట్టం ఏమంటుంది?

2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను ప్రకారం ప్రభుత్వం లైను సంస్థకు 1885 టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు ఇవ్వవచ్చు. అప్పుడు యజమాని సమ్మతి లేకపోయినా లైను వేయవచ్చు. కాని భూమి యజమానిదే. దానిని సేకరించటం లేదు. జరిగిన నష్టానికి పూర్తి పరిహారం చెల్లించి తీరాలి. మొత్తం మీద వివాదముంటే జిల్లా జడ్జి వద్దకు వెళ్ళే హక్కు రైతుకు ఉన్నది.

పరిహారం రేట్ల విషయంలో 66 కె.వి., అంతకు మించిన టవరు లైన్లకు కేంద్రం 2015లో మార్గదర్శకాలిచ్చింది. టవరు అడుగు భూమికి విలువలో 85 శాతం, తీగల కింది బాటకు 15 శాతం వరకు. 2024 జూన్‌లో వీటిని పెంచింది. టవరు అడుగుకు 200 శాతం, బాటకు 30 శాతం. టవరు అడుగు అంటే నాలుగు కాళ్ళ మధ్య స్థలమే కాదు, ప్రతి పక్కా ఒక మీటరు అదనంగా కలపాలి.

ఉదాహరణకు ఎకరం 10 లక్షల రూపాయలు విలువ చేసే పొలంలో 400 కె.వి. టవరు పడిందనుకొందాం. కాళ్ళ మధ్య 12 మీటర్లు ఉంటే, అదనం కలిపి 14 మీటర్ల చదరం. అంటే 196 చదరపు మీటర్లు, సుమారు 4.84 సెంట్లు. దాని విలువ రూ. 48,400. రెండింతలు రూ. 96,800. పొలంలో లైను 100 మీటర్ల పొడవు పోతే బాట 4,600 చదరపు మీటర్లు, సుమారు 1 ఎకరం 14 సెంట్లు. దాని విలువలో 30 శాతం సుమారు రూ. 3,41,000. బాట లెక్క అడగని రైతు ఎంత పోగొట్టుకొంటాడో దీనినిబట్టి గ్రహించవచ్చు. పంట నష్టం వీటికి వేరు.

ఒక హెచ్చరిక. ఇవి కేంద్ర మార్గదర్శకాలు. రాష్ట్రంలోపలి లైన్లకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన ఉత్తర్వు ప్రకారం చెల్లింపు ఉంటుంది. మీ లైనుకు ఏ ఉత్తర్వు వర్తిస్తుందో కలెక్టరు కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

సంఘాలు చేయదగినవి

ఈ వ్యవహారంలో సంఘం కక్షిదారు కాదు. కాని చదువు వచ్చిన కార్యదర్శి, లెక్క తెలిసిన టెస్టరు ఉన్న చోటు గనుక సభ్యులకు ఈ సాయం చేయవచ్చు:

1. సర్వే జెండాలు కనపడగానే ఏ లైను, ఎన్ని కె.వి., ఏ సంస్థ అని విచారించి సభ్యులకు తెలపాలి. టవరును గట్టు వైపు జరపమని అడగదలిస్తే అప్పుడే అడగాలి. పునాది తీసిన తరువాత అడిగి ప్రయోజనం ఉండదు.

2. చదివి వినిపించనిదే ఏ కాగితం మీదా సంతకం గాని, వేలిముద్ర గాని వేయరాదు. ఖాళీ కాగితం మీద అసలే వేయరాదు. నకలు తీసుకోవాలి.

3. కొలతలు రైతు ఎదుటనే తీయించాలి. అడుగు ఎంత, బాట ఎంత, చెట్లెన్ని అనేవి విడివిడిగా వ్రాయించాలి.

4. పంట నష్టం సాధారణంగా మూడుసార్లు జరుగుతుంది. పునాది వేసేటప్పుడు, టవరు నిలిపేటప్పుడు, తీగ లాగేటప్పుడు. ప్రతిసారీ ఫోటో తీసి, విడిగా అడగాలి.

5. సొమ్ము బ్యాంకు ఖాతాలోనే పడాలి.

6. లైను వచ్చిన తరువాత దాని కింద గడ్డివాము వేయరాదు, పశువుల పాక కట్టరాదు. సుబాబుల్ వంటి ఎత్తు పెరిగే మేత చెట్లు నాటరాదు. పొట్టి రకం పశుగ్రాసాలు వేసుకోవచ్చు. టవరు కాళ్ళకు గేదెలను కట్టరాదు. లైను కింద ముళ్ళతీగ కంచె ఉంటే ఎర్తు చేయించాలి.

ముగింపు

కార్యదర్శిగారికి ఆ రోజు నేను చెప్పినది ఇది. కరెంటు ఒకచోట ఒక వేళ ఎక్కువగానూ, మరొకచోట మరొక వేళ తక్కువగానూ ఉన్నది. ఆ రెండింటినీ కలపటానికే లైను. అది రావలసిందే. ఆ కరెంటు మన పాలనూ చల్లార్చుతుంది.

అయితే వెలుగు పట్నానికి, టవరు పల్లెకు అన్నప్పుడు పల్లెకు దక్కవలసినది దయ కాదు, సరైన లెక్క. ఒకప్పుడు పాల వ్యాపారి కంటిచూపుతో ధర కట్టేవాడు. సంఘం వచ్చి, వెన్న శాతం కొలిచి, చీటీ వ్రాసి ఇచ్చిన తరువాతనే రైతుకు నమ్మకం కలిగింది, పాలు పెరిగాయి. లైన్ల విషయంలోనూ అదే పద్ధతి కావాలి. కొలత రైతు ఎదుట జరిగి, చీటీ రైతు చేతికి వస్తే, పనివారిని గట్టు మీద ఆపే అవసరం చాలావరకు ఉండదు.

లైను పోయే దారిలో ఉన్న సంఘాల కార్యదర్శులు ఈ వ్యాసాన్ని వచ్చే పాలకవర్గ సమావేశంలోనూ, మహాజన సభలోనూ చదివి వినిపించవలసిందిగా మనవి.